జానెడు దూరం

తిరుపతిలో కండ్లాసుపత్రి. టోకెను ముప్పై ఏడు.
మా అక్కబిడ్డ ఇందుజ నా చెయ్యి వొదల్లేదు.
కబడ్డీలో ఏడుగురి మధ్యకు ఒంటిగా దూకే పిల్ల,
చుక్కలమందు సీసా చూసి వొణుకుతా ఉంది.

అద్దాలతో ఆడనీరు. తీస్తే గీత కనపడదు.
పోయినేడు చిత్తూరు పోటీల్లో
సున్నపు గీతనుకొని
ఎండిన గడ్డిపోచను తొక్కొచ్చింది.

డాక్టరమ్మ నౌషీన్ తెరను మా దిక్కు తిప్పింది.
రంగురంగుల గుండ్రం.
కంటి ముందరి అద్దం పొరంట, కార్నియా.
"పాపది కొంచెం పల్చన" అనింది,
"మీరేం పని చేస్తారు?" అనడిగింది నన్ను.
బంగారుపాళ్యం కాడ నర్సరీలో
మామిడి అంట్లు కడతానన్నా.
"అయితే మీకు చెప్పడం సులువు."

లాసిక్ అంటే
పై పొరను మూతమాదిరి కోసి,
ఒక పక్క అతుకుంచి లేపి,
లోపల లేజరుతో చెక్కి, మళ్లా మూసేది.
తెల్లారేసరికి చూపు.
బెరడు లేపి మొగ్గ దూర్చినట్టే గదా, అనుకున్నా.
కానీ మేం పట్టీ చుడతాం,
నలభై దినాలు విప్పం.
"మరి దెబ్బ తగిలితే?"
డాక్టరమ్మ నన్ను ఇంకోసారి చూసింది.
"ఏండ్లు గడిచినా మూత జరిగే భయం కొంచెం ఉంటుంది.
మోచేతి పోట్లు తినే పిల్లకు నేను చెయ్యను."

ఇంకోటి స్మైల్. పేరుకే ఇందుజ నవ్వింది.
మూత లేపేది లేదు.
లోలోపలే లేజరు ఒక బిళ్ల గీస్తుంది,
వడ్లగింజంత సందులోంచి దాన్ని లాగేస్తారు,
చెక్కు తీయకుండానే కాయలోంచి
టెంక లాగినట్టు.
కండ్లు ఎండే బాధ తక్కువ, బిల్లు ఎక్కువ.
ఇంత పల్చటి కంటికి అదీ వద్దంట.

మిగిలింది పాతది, పీఆర్‌కే.
పైచర్మం గీకేసి, పైనుంచే చెక్కుతారు.
చర్మం తనంతట తాను మళ్లా మొలవల్ల.
నాలుగైదు దినాలు కంట్లో మిరప్పొడి,
తేటబడేదానికి వారాలు,
నెలలకొద్దీ చుక్కలు, ఎండలో నల్లద్దాలు.
మొలిచినాక మాత్రం
జరిగేదానికి మూతే ఉండదు.
దీనికొక్కదానికే పట్టీ వేస్తారంట,
నీటిబొట్టంత లెన్సు.
పట్టీ మాట వినంగానే నాకు నమ్మకం కుదిరింది.
"నొప్పి గదా" అనింది ఇందుజ.
మోకాలు చిట్లినప్పుడూ అదే మాట అని
మళ్లా దూకింది. ఒప్పుకున్నట్టే.

"మీ నంబరెంతమ్మా? మీరూ చేయించుకోండి."
మైనస్ నాలుగున్నర. నలభై రెండేండ్లు.

నర్సరీలో చెమటకు అద్దాలు జారతాయి,
తుంపర్లకు మసకబారతాయి.
తీసి పైట చెంగులో ముడేసుకుంటా.
అప్పుడు నాకుండే లోకం జానెడు.
ఆ జానెడులో
పుల్లకూ మొక్కకూ బెరడు కింద
వెంట్రుకంత పచ్చగీత.
గీతకు గీత కలిస్తే చిగురు,
తప్పితే పొయ్యిలోకి.
మా మేస్త్రీ ఎల్లప్పకు
కొండ మీది మేక కొమ్ములు కనపడతాయి,
అంటు కట్టాలంటే భూతద్దం ఎతుకుతాడు.

డాక్టరమ్మ దాచలేదు.
"దూరం తెస్తే, ఈ వయసులో దగ్గరది పోతుంది.
సూదిలో దారానికి అద్దాలు కావాల్సొస్తుంది."
"అయితే ఈ బేరం నాకొద్దమ్మా" అన్నా.

ఎదురుచూసిన గంటసేపూ ఆ జానెడునే తలుచుకున్నా,
మొదటిసారి, ఆస్తిమాదిరి.

సాయంత్రం చిత్తూరు బస్సు.
నల్లద్దాల కింద ఇందుజకు ఒకటే నీళ్లు.
"పిన్నమ్మా, యాడికొచ్చినాం?"
అద్దాలు తుడిచి పెట్టుకొని చూసినా.
"చంద్రగిరి. కోట గోడ మీద ఎండుంది."
"కోతులుండాయా?"
"ఒకటుంది."
"ఎంత దూరంలో?"

చెప్పలేదు. తల నా భుజం మీదికి లాక్కున్నా.
దాని రెప్పల కింద పొర మొలుస్తా ఉంటుంది.
అలవాటుకొద్దీ, కణుపు కణుపుకూ బొటనవేలు జరుపుతా
దినాలు లెక్కబెట్టినా.